చుక్కలో ఐదో వంతు: షుగర్ పిల్లులకి ఇంట్లో ఇన్సులిన్, మీ ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలు విప్పితే కుక్కల గురించి రెండే రెండు, మిగతావన్నీ షుగర్ పిల్లుల గురించే. అందుకని వేరే సంగతులన్నీ పక్కన పెట్టేసి ఈ సంచిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. ఒక్క మాట ముందే చెప్పేస్తా, డోసు ఎంత అనేది మీ పిల్లిని చేత్తో పట్టి చూసిన డాక్టరే చెప్పాలి, నేను చెప్పను, నన్ను అడగొద్దు కూడా. ఆ చెప్పిన డోసు సిరంజిలోకి సరిగ్గా ఎక్కిందా, సిరంజిలోంచి పిల్లి ఒంట్లోకి వెళ్ళిందా, ఎక్కడన్నా తేడా వస్తే ఏం చెయ్యాలి, ఇంతవరకే నా పని.

ప్ర: మేడం, మా పండుకి 11 ఏళ్ళు, మగపిల్లి, ఆపరేషన్ అయింది, కొంచెం బొద్దుగా ఉంటాడు. నాలుగు నెలలుగా పొద్దున రెండు యూనిట్లు సాయంత్రం రెండు యూనిట్లు వేస్తున్నాం, బానే ఉన్నాడు. తొమ్మిది రోజుల క్రితం ఎర్ర మూత సిరంజిలు అయిపోయాయి, మళ్ళీ అవే దొరకలేదు, నారింజ రంగు మూతవి దొరికితే తెచ్చా, సూది ఇంకా సన్నగా ఉంది కదా వాడికి నొప్పి తెలీదులే అని సంతోషపడ్డా కూడా. అప్పట్నుంచి మళ్ళీ గిన్నెలు గిన్నెలు నీళ్ళు తాగేస్తున్నాడు, లిట్టర్ ట్రే తడిసి ముద్దైపోతోంది, నిన్న మీటర్‌లో 420 చూపించింది. ఇన్సులిన్ పని చెయ్యడం మానేసిందా? నాలుగు యూనిట్లకి పెంచేయనా?

జ: పెంచకండి. మీ ఇన్సులిన్‌కి ఏమీ కాలేదు, మారింది సిరంజి. సన్నసూది చూసి మీరు సంతోషపడ్డ రోజునే మొదలైంది ఇదంతా.

వయల్ తీసి చూడండి, మందు పేరు కింద చిన్న అక్షరాల్లో యు-40 అనో యు-100 అనో ఉంటుంది, మనలో చాలామందిమి అది చదవం. యు-40 అంటే ఒక ఎం.ఎల్ మందులో 40 యూనిట్లు ఉన్నాయని, యు-100 అంటే అదే ఒక ఎం.ఎల్‌లో 100 ఉన్నాయని. జంతువుల కోసమే తయారుచేసిన ప్రోజింక్, కానిన్సులిన్ (దీన్నే కొన్ని దేశాల్లో వెట్సులిన్ అంటారు) యు-40. మనుషుల కోసం చేసిన లాంటస్ యు-100, పిల్లులకి కూడా అది చాలా ఎక్కువగా రాస్తారు. దేనికి దాని సిరంజి ఉంటుంది, సిరంజి మీద గీతలు ఆ బలాన్ని బట్టే గీస్తారు. ఇన్నాళ్ళూ ఎర్ర మూత సిరంజి వాడారంటే మీ మందు యు-40, ఇప్పుడు మీ చేతిలో ఉన్న నారింజ మూతది యు-100 సిరంజి. దాంట్లో 2 గీత దాకా లాగితే వచ్చేది 0.02 ఎం.ఎల్, మీ మందులో అది 0.8 యూనిట్ మాత్రమే. అంటే తొమ్మిది రోజులుగా పండుకి వెళ్తోంది సగం డోసు కూడా కాదు. మరి నీళ్ళు తాగడా?

ఇప్పుడు మీరన్నట్టు నాలుగుకి పెంచారనుకోండి, ఈ సిరంజిలో అది 1.6 యూనిట్లు అవుతుంది, పిల్లికి ఏమీ కాదు, పైగా కాస్త బాగుపడ్డట్టు కూడా కనిపిస్తాడు. నా భయం అది కాదు. మీ పుస్తకంలో నాలుగు అని ఎక్కుతుంది, ఇంట్లో అందరి నోట్లో నాలుగు అని పడిపోతుంది, ఆ తర్వాత ఏదో ఒకరోజు ఎర్ర మూత సిరంజిలు మళ్ళీ దొరుకుతాయి, ఎవరో ఒకరు దాంట్లో నాలుగు గీత దాకా లాగేస్తారు. ఆ రోజు పండుకి నిజంగానే రెట్టింపు పడుతుంది. ఇలాంటి తప్పు చేసిన రోజు తెలీదు, సరిదిద్దుకున్నాం అనుకున్న రోజు బయటపడుతుంది.

దీనికి తిరగేసిన తప్పు ఇంకా ఘోరం. యు-100 మందుని యు-40 సిరంజిలో రెండు గీతల దాకా లాగితే వెళ్ళేది ఐదు యూనిట్లు, రెండున్నర రెట్లు, ఒక చిన్న పిల్లికి అది ప్రాణం మీదకి వచ్చే డోసు. ఇంకోటి, మనుషులకి ఇచ్చే గ్లార్జిన్‌లోనే (లాంటస్‌లో ఉండే ఇన్సులిన్ ఇదే) యు-300 అని కూడా ఒకటుంది, పెన్నులో వస్తుంది, ఆ పెన్నులోంచి సిరంజితో ఎప్పుడూ లాగకూడదు.

రెండున్నరతో గుణిస్తే లెక్క కుదురుతుంది కదా అని కొందరు అంటారు, కుదురుతుంది, యు-40 మందు 2 యూనిట్లు కావాలంటే యు-100 సిరంజిలో 5 గీత. కొందరు డాక్టర్లు కావాలనే అలా వేయిస్తారు కూడా, గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి చిన్న డోసుకి బాగుంటుందని. కానీ అది డాక్టర్ కూర్చుని రాసిచ్చిన లెక్క అయ్యుండాలి, నిద్రకళ్ళతో ఫ్రిజ్ ముందు నిలబడి మనం వేసుకునే లెక్క కాదు. నన్నడిగితే మందుకి తగ్గ సిరంజి తెచ్చుకోవడమే మేలు. మూత రంగుని కూడా గుడ్డిగా నమ్మకండి, ఎరుపంటే 40, నారింజ అంటే 100 అనేది మామూలుగా ఉండేదే కానీ అన్ని కంపెనీలూ అన్నిచోట్లా అలాగే చేస్తాయని లేదు, సిరంజి ఒంటి మీద రాసింది చదవండి.

మీరు ఇవాళే చెయ్యాల్సింది, డాక్టర్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పడం. సిగ్గుపడకండి, ఈ కథ మాకు కొత్తేమీ కాదు. చాలా వరకు సరైన సిరంజితో పాత డోసుకే వెళ్ళమంటారు. కానీ ఇన్ని రోజులు మందు చాలలేదు కాబట్టి మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి తయారయ్యేవి) ఉన్నాయేమో చూడమంటారు, దానికి స్ట్రిప్పులు ఉంటాయి. పండు తిండి మానేసినా, వాంతులు చేసుకున్నా, ఎక్కడ పడుకున్నవాడు అక్కడే ఉండిపోయినా ఫోన్లతో కాలయాపన వద్దు, నేరుగా తీసుకెళ్ళిపోండి.

ప్ర: అమ్మా, నాకు 68 ఏళ్ళు, బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా రాణికి లాంటస్ ఒక యూనిట్ రాశారు. ఒక యూనిట్ అంటే ఆ సిరంజిలో నాకు కనపడటమే లేదు, గీతకి కాస్త అటా ఇటా అని రోజూ అనుమానమే. బుడగలు కూడా వస్తున్నాయి, అవి లోపలికి వెళ్తే గుండె ఆగిపోతుందని ఎవరో అన్నారు. ఇంకో అయిడియా, ఇన్సులిన్‌లో సెలైన్ కలిపి పల్చగా చేసుకుంటే ఎక్కువ గీతలు లాగొచ్చు కదా, కొలత తేలిక అవుతుంది. తప్పా?

జ: మాస్టారూ, మీ లెక్క కరెక్టే, మందే ఒప్పుకోదు. లాంటస్‌ని నీళ్ళతో గానీ సెలైన్‌తో గానీ వేరే ఇన్సులిన్‌తో గానీ కలపకూడదు. అది వయల్‌లో ఆమ్ల గుణంతో ఉంటుంది, అందుకే అంత తేటగా ఉంటుంది. చర్మం కిందకి వెళ్ళాక ఒంట్లో ఆమ్లం లేకపోవడంతో సన్న సన్న రేణువులుగా గడ్డకట్టి మెల్లిమెల్లిగా కరుగుతూ గంటల తరబడి పని చేస్తుంది. మీరు వయల్‌లోనో సిరంజిలోనో పల్చన చేస్తే ఆ ఏర్పాటంతా దెబ్బతింటుంది, ఇక అది ఎప్పుడు ఎంత పని చేస్తుందో చెప్పలేం.

మీకు కనపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. యు-100లో ఒక యూనిట్ అంటే 0.01 ఎం.ఎల్. మామూలు నీటిచుక్క సుమారు 0.05 ఎం.ఎల్ ఉంటుంది. అంటే మీరు రోజూ కొలుస్తున్నది ఒక చుక్కలో ఐదో వంతు! డెబ్భై కిలోల మనిషికి ముప్ఫై యూనిట్లు వేసేటప్పుడు అర యూనిట్ అటూ ఇటూ అయితే ఎవరికీ పట్టదు, నాలుగు కిలోల రాణికి ఒక యూనిట్‌లో అర యూనిట్ అంటే సగం డోసు.

అందుకని మొదట సిరంజి మార్చండి. మీ దగ్గర 1 ఎం.ఎల్ ది ఉండుంటుంది, చాలా వాటిల్లో ఒక్కో గీత రెండు యూనిట్లు, దాంట్లో ఒకటి కొలవడం అంటే గాల్లో లెక్కే. 0.3 ఎం.ఎల్ సిరంజి అడగండి, అందులోనూ అర యూనిట్ గీతలున్నది అని గట్టిగా చెప్పి అడగండి, రెండు రకాలూ వస్తాయి. గొట్టం సన్నం కాబట్టి గీతలు ఎడంగా ఉంటాయి, ప్రాణం లేచొస్తుంది.

తర్వాత ఎక్కడ చూడాలి అనేది. పిస్టన్ నల్ల రబ్బరుకి రెండు అంచులుంటాయి, సూది వైపు అంచే లెక్క, కింది అంచు కాదు. ఇది తప్పు చూసేవాళ్ళు ఎంతమందో. సిరంజిని కంటి ఎత్తుకి తెచ్చి, వెనక తెల్ల కాయితం పెట్టి, వెలుతురులో చూడండి, పైనుంచి కిందకి చూస్తే ఒకలా కింద నుంచి పైకి చూస్తే ఒకలా కనిపిస్తుంది. భూతద్దం వాడితే నామోషీ ఏమీ లేదు, నేనూ వాడతా. సిరంజి మీద తగిలించుకునే చిన్న భూతద్దాలు కూడా దొరుకుతాయి.

బుడగల సంగతి. చర్మం కింద వేసే సూదిలో చిన్న బుడగ వెళ్తే గుండెకేం కాదు, ఆ భయం వదిలేయండి. అసలు నష్టం ఏంటంటే బుడగ ఉన్నచోట మందు ఉండదు. రెండు మిల్లీమీటర్ల బుడగ అంటే దాదాపు 0.004 ఎం.ఎల్, యు-100లో అది ఇంచుమించు అర యూనిట్. రాణికి ఆ పూట సగమే వెళ్ళినట్టు. నేను చేసే పద్ధతి చెప్తా: ముందు సిరంజిలోకి కాస్త గాలి లాగి వయల్‌లోకి తోసేస్తా, లేకపోతే లోపల గాలి తగ్గిపోయి మందు లాగనివ్వదు. వయల్ తలకిందులు చేసి కావాల్సిన దానికన్నా ఎక్కువ, ఐదు యూనిట్ల దాకా నింపుతా. సూది వయల్‌లోనే ఉంచి గోటితో సిరంజిని టకటకా తడితే బుడగలు పైకి ఎక్కుతాయి, అప్పుడు నెమ్మదిగా తోసుకుంటూ ఒకటి గీత దగ్గరికి వస్తా. కిందనుంచి పైకి లాగుతూ గీత దగ్గర ఆపడం కన్నా ఎక్కువ నింపి తోసుకుంటూ వచ్చి ఆపడం తేలిక, చేతికి పట్టు దొరుకుతుంది.

కొత్త సిరంజి ఒకటి ప్రాక్టీసుకి పక్కన పెట్టుకుని మామూలు నీళ్ళతో ఓ ఇరవై సార్లు ఒకటి గీత పట్టడం అలవాటు చేసుకోండి. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన చేత సరిగ్గా నింపించి ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి, రోజూ పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

ప్ర: నిన్న పొద్దున మా జూలీకి సూది వేస్తే నా వేలికి తడి తగిలింది. చర్మంలోంచి అటు బయటికి వచ్చేసిందేమో, మందు బొచ్చు మీదే పడిందేమో తెలీదు. ఎంత వెళ్ళిందో ఎంత పోయిందో! మళ్ళీ వెయ్యాలా వద్దా అని గంట సేపు ఏడుస్తూ కూర్చున్నా, వెయ్యలేదు. తప్పు చేశానా?

జ: చాలా మంచి పని చేశారు. ఎంత వెళ్ళిందో తెలీనప్పుడు మళ్ళీ వెయ్యకూడదు, కొంచెం కూడా, "సగం వేస్తే పోలా" అని కూడా వద్దు. ఒక పూట ఇన్సులిన్ అందకపోతే ఆ పూట షుగర్ ఎక్కువుంటుంది, రెండుసార్లు నీళ్ళు ఎక్కువ తాగుతుంది, అంతే. రెండు డోసులు పడితే షుగర్ పడిపోయి ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. ఈ రెండు తప్పులూ సమానం కాదమ్మా, అనుమానం వస్తే తక్కువ వైపే తప్పు చెయ్యండి. తర్వాతి డోసు మామూలు టైముకి మామూలుగానే వెయ్యండి, పోయినదాన్ని దీంట్లో కలపొద్దు. పుస్తకంలో మాత్రం "తడి తగిలింది" అని రాసిపెట్టండి, ఆ రోజు రీడింగ్ ఎక్కువ వస్తే డాక్టర్‌కి కారణం తెలుస్తుంది.

ఇలా ఎందుకవుతుందంటే చర్మాన్ని మరీ పల్చగా చిటికెతో పట్టుకుని సూది అడ్డంగా దూర్చేస్తాం, అది ఈ పక్క దూరి ఆ పక్క తేలుతుంది. బొటనవేలు మధ్యవేలుతో చర్మం పైకెత్తి, చూపుడు వేలితో మధ్యలో కొంచెం నొక్కితే చిన్న గుడారం గుమ్మంలా గుంట పడుతుంది, ఆ గుంటలోకి, వెన్నెముకకి సమాంతరంగా, సూది ఏటవాలు కోత పైకి ఉండేట్టు. మెడ వెనక వదులు చర్మంలో వేస్తే తేలిక కానీ అక్కడ రక్తప్రసరణ తక్కువ, మందు పీల్చుకోవడం ఒకలా ఉండదు అంటారు, డొక్క పక్కన గానీ ఛాతీ పక్కన గానీ పొట్ట పక్కన గానీ మేలు. రోజూ ఒకేచోట పొడవకుండా పొద్దున ఎడమ, సాయంత్రం కుడి అని పెట్టుకోండి. తింటున్నప్పుడు వేస్తే చాలా పిల్లులు తలెత్తి కూడా చూడవు. స్పిరిట్ దూది అక్కర్లేదు, ఆ వాసనకే పారిపోతాయి, పైగా బొచ్చు తడిస్తే మందు కారిందో స్పిరిటో మీకే తెలీదు.

ప్ర: డాక్టర్ గారూ, ఇది అర్జెంట్ కాదు, జరిగిపోయింది, కానీ మళ్ళీ జరిగితే ఏం చెయ్యాలో తెలుసుకుందామని. నేను పొద్దున ఆరున్నరకి వేసి వాకింగ్‌కి వెళ్ళా, మా ఆవిడ లేచి ఏడుకి మళ్ళీ వేసింది. మూడేసి యూనిట్లు. అదృష్టం, పిల్లి బానే ఉంది, కానీ ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

జ: మా ఇంట్లో కూడా జరిగిందండీ, డాక్టర్ ఇల్లు కదా అని ఊరుకోదు. నేనూ మా అమ్మా. ఆ రోజు మధ్యాహ్నం దాకా మా పిల్లి ఎటు కదిలితే అటు వెనకాలే తిరిగాను.

జరిగిన వెంటనే డాక్టర్‌కి గానీ ఇరవైనాలుగు గంటల ఆసుపత్రికి గానీ ఫోన్. లక్షణాలు కనిపించాక చేద్దాం అనుకోవద్దు, వాళ్ళు తీసుకురమ్మంటే తీసుకెళ్ళండి, బానే ఉంది కదా అని వాదించకండి. ఈలోగా పిల్లికి మామూలుగా తినే తిండి ముందు పెట్టండి, తింటే తిననివ్వండి. మీటర్ ఉంటే అరగంటకోసారి, గంటకోసారి చూస్తూ రాస్తూ ఉండండి. ఒక రీడింగ్ బాగుంది కదా అని ఊపిరి పీల్చుకోకండి, ఇన్సులిన్ రకాన్ని బట్టి షుగర్ అన్నిటికన్నా కిందకి దిగేది కొన్ని గంటల తర్వాత, ఎక్కువ డోసు పడితే ఆ ప్రభావం మామూలు కన్నా ఎక్కువసేపు కూడా ఉంటుంది.

షుగర్ పడిపోతే ఎలా ఉంటుందో ఇంట్లో అందరికీ తెలియాలి. మీటర్‌లో 60 (ఎంజీ/డీఎల్) కన్నా కిందకి వెళ్తే తక్కువ అని లెక్క, మీ మీటర్ వేరే కొలతలో (ఎంమోల్/లీటర్) చూపించేదైతే అది 3.3, ఒక కొలత నుంచి ఇంకోదానికి 18తో గుణించడమో భాగించడమో. పిల్లి హఠాత్తుగా తిండికి ఎగబడుతుంది, లేదా అసలు తినదు, తూలుతుంది, వెనక కాళ్ళు తడబడతాయి, ఎటో శూన్యంలోకి చూస్తున్నట్టు ఉంటుంది, వణుకుతుంది, ఆ తర్వాత ఫిట్స్. కొన్ని పిల్లులు షుగర్ బాగా తగ్గినా ఏమీ చూపించవు, అదొక తంటా.

లక్షణాలు మొదలైతే తేనె గానీ గ్లూకోజ్ సిరప్ గానీ ఒక చెంచా తీసుకుని వేలితో చిగుళ్ళకి రాయండి. తెలివిలో ఉండి మింగగలిగితే ఆ తర్వాత తిండి పెట్టండి. ఫిట్స్ వస్తున్నా స్పృహ లేకపోయినా గొంతులో ఏదీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, పళ్ళ మధ్య వేలు కూడా పెట్టొద్దు, పెదవి కింద బయటి చిగురుకి రాస్తే చాలు, రాస్తూనే ఆసుపత్రికి బయల్దేరాలి. తేనె రాయగానే లేచి కూర్చుంది కదా అని సగం దారిలో వెనక్కి తిరిగి వచ్చినవాళ్ళున్నారు. తేనె కాసేపే నిలుస్తుంది, ఇన్సులిన్ ఇంకా లోపలే ఉంటుంది.

మళ్ళీ జరక్కుండా మేం పెట్టుకున్నది చెప్తా. ఫ్రిజ్ పైన ఒక చిన్న ట్రే, రోజూ రాత్రి దాంట్లో రెండే రెండు ఖాళీ సిరంజిలు పెడతాం, ఒకదానికి తెల్ల టేపు అది పొద్దుటిది, ఇంకోదానికి నల్ల టేపు అది రాత్రిది. నింపి పెట్టం, ఖాళీవే. తెల్ల టేపు సిరంజి ట్రేలో లేదంటే పొద్దుటి డోసు అయిపోయినట్టే, ఎవర్నీ నిద్రలేపి అడగక్కర్లేదు. సిరంజిల డబ్బా మాత్రం ట్రే పక్కన పెట్టకూడదు, వేరే గదిలో ఉండాలి. చార్ట్‌లో టిక్ పెట్టడం కూడా పెట్టుకున్నాం ముందు, టిక్ పెట్టడం మర్చిపోతాం కదండీ, అదీ సమస్య. సిరంజి మాయమవ్వడం మర్చిపోయే విషయం కాదు.

ప్ర: సూది వేసిన పది నిమిషాలకి తిన్నదంతా కక్కేసింది. ఇంకో రోజు అసలు తిననే లేదు, అయినా టైమైంది కదా అని వేసేశా. ఏది ముందు చెయ్యాలి, తిండా సూదా?

జ: తిండి. పిల్లి నాలుగు ముద్దలు తిన్నాక, ఇంకా తింటుండగా వెయ్యండి. సగమే తిన్నా, అసలు తినకపోయినా డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి, కొందరు సగం డోసు వెయ్యమంటారు, కొందరు ఆ పూట ఆపెయ్యమంటారు, అది సూదికి ముందు వచ్చిన రీడింగ్ మీద, మందు రకం మీద ఆధారపడుతుంది. ఇలాంటి రోజు కోసం "తినకపోతే ఇలా" అని డాక్టర్ చేత ముందే ఒక కాయితం మీద రాయించుకుని పెట్టుకుంటే రాత్రి పదకొండింటికి ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు. వేసేశాక కక్కేస్తే ఇక సూది వెనక్కి తియ్యలేం, ఆ రోజు దాన్ని కనిపెట్టుకుని ఉండాలి, డాక్టర్‌కి చెప్పాలి. షుగర్ పిల్లి రెండు పూటలు వరసగా తినలేదంటే అది ఇన్సులిన్ ప్రశ్న కాదు, లోపల ఇంకేదో ఉంది, చూపించాలి.

ప్ర: వయల్ షేక్ చెయ్యాలా వద్దా? ఒకరు చెయ్యమంటారు, ఒకరు చేస్తే పాడైపోతుందంటారు. రాత్రంతా ఫ్రిజ్ బయట ఉండిపోయింది, వాడొచ్చా?

జ: ఇద్దరూ కరెక్టే, వేరే వేరే మందుల గురించి చెప్తున్నారు. లాంటస్ తేటగా ఉండే మందు, కలిపే పనే లేదు, కుదపొద్దు. ప్రోజింక్‌ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. కానిన్సులిన్ అడుగున పేరుకుంటుంది కాబట్టి పాలలా ఒకేలా అయ్యేదాకా బాగా షేక్ చెయ్యమనే దాని మీద ఉంటుంది, నురగ తగ్గాక లాగండి. తేటగా ఉండాల్సినది మసకగా కనిపించినా, పాలలా ఉండాల్సిన దాంట్లో పలుకులు తేలినా పారెయ్యండి. ఉంచాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య, తలుపు అరలో కన్నా లోపల. ఫ్రీజర్‌కి ఆనుకుని గడ్డకట్టిన వయల్ మళ్ళీ కరిగినా వాడకూడదు. ఒక్క రాత్రి మామూలు గది వేడిలో ఉంటే చాలావరకు పాడవ్వదు, ఎండలోనో కారులోనో ఉండిపోతే మాత్రం కొత్తది తెచ్చుకోండి. తెరిచిన తేదీ లేబుల్ మీద రాయడం మర్చిపోకండి.

ప్ర: ఇంట్లో మీటర్ కొన్నాం, చెవి పొడిచి చూస్తున్నాం. పొద్దున 310, సాయంత్రం 190, మర్నాడు 260. దాన్ని బట్టి నేనే ఒక యూనిట్ అటూ ఇటూ మారుస్తున్నా, మనుషులు చేసుకున్నట్టు. ఆసుపత్రిలో చూస్తే మాత్రం ఎప్పుడూ 400 పైనే. ఎవరిది తప్పు?

జ: ఎవరిదీ కాదు. పిల్లికి భయం వేస్తేనే షుగర్ పైకి పోతుంది, బుట్టలో కూర్చోపెట్టి తీసుకెళ్ళి, కుక్కల అరుపుల మధ్య వెయిట్ చేయించి సూది గుచ్చితే 400 రాక ఏమవుతుంది. అందుకే ఇంట్లో చూసిన అంకెలే ఎక్కువ పనికొస్తాయి. మీటర్ ఏది కొన్నారో చెప్పలేదు. మనుషుల మీటర్లు పిల్లి రక్తంలో తరచుగా అసలు కన్నా తక్కువ చూపిస్తాయి, ఎందుకంటే గ్లూకోజ్ ఎర్ర కణాల్లో ఎంత, బయటి ద్రవంలో ఎంత అనే పంపకం మనకీ పిల్లికీ ఒకలా ఉండదు. ఆల్ఫాట్రాక్ లాంటివి జంతువుల కోసమే చేసినవి. ఏదైనా పరవాలేదు కానీ మీటర్ మార్చొద్దు, ఏ మీటరో డాక్టర్‌కి చెప్పండి.

ఇక మీరు రోజూ డోసు మార్చడం, అది ఇవాళే ఆపెయ్యండి. మీరు చూస్తున్నవన్నీ సూదికి ముందు అంకెలు. అసలు తెలియాల్సింది మధ్యలో ఎంత కిందకి దిగుతోంది అనేది. పొద్దున 310 ఉండి మధ్యాహ్నం 70కి దిగే పిల్లి ఉండొచ్చు, దానికి 310 చూసి పెంచితే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే కర్వ్ చేయిస్తారు, సూదికి ముందు ఒకటి, ఆ తర్వాత రెండు గంటలకోసారి తర్వాతి సూది దాకా. అన్నిటికన్నా కింది అంకె సుమారు 80, 150 మధ్య ఉండేలా చూసుకుంటారు చాలామంది డాక్టర్లు. డోసు మార్చాక ఒంటికి అలవాటు పడటానికి కొన్ని రోజులు ఇవ్వాలి, వారం అనుకోండి, మార్చేది కూడా మామూలుగా అర యూనిట్, మీలా యూనిట్ యూనిట్ కాదు. అదే పిల్లి, అదే డోసు, అయినా రెండు రోజుల కర్వ్‌లు ఒకలా రావు, ఒక్కరోజు అంకె పట్టుకుని ఊగిపోవద్దు.

చెవి పొడిచే వాళ్ళకి చిన్న సలహా, ముందు చెవిని గోరువెచ్చని గుడ్డతో ఓ నిమిషం పట్టండి, వెనక మడిచిన దూది పెట్టుకోండి, లేకపోతే సూది చెవి దాటి మీ వేలికి దిగుతుంది, తర్వాత ఆ రక్తం పిల్లిదో మీదో తేల్చుకోవడం కష్టం.

ప్ర: ఇప్పుడు పిల్లులకి షుగర్ మాత్రలు వచ్చాయంట కదా, మా మిన్నీ రెండేళ్ళుగా ఇన్సులిన్ మీద ఉంది, మార్చేసుకోవచ్చా? సూదులతో విసుగొచ్చేసింది.

జ: వచ్చాయి, బెక్సాక్యాట్ అనే మాత్ర 2022 చివర్లో, సెన్‌వెల్గో అనే నోటి ద్రావణం 2023లో అమెరికాలో అనుమతి పొందాయి. ఎక్కువైన గ్లూకోజ్‌ని మూత్రంలోకి పంపించేస్తాయి. కానీ అవి ఇంతకు ముందు ఇన్సులిన్ తీసుకోని, మిగతా అన్ని విధాలా ఆరోగ్యంగా ఉన్న పిల్లుల కోసం. ఇన్సులిన్ మీద ఉన్న పిల్లిని వాటి మీదకి మార్చితే కీటోయాసిడోసిస్ (కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారిపోవడం) వచ్చే ప్రమాదం ఉంది, అదీ షుగర్ అంకె మామూలుగానే కనిపిస్తూ లోపల ముంచేస్తుంది. మిన్నీకి వద్దు. విసుగు నాకు అర్థమవుతుంది, దానికి మందు లేదు.

ప్ర: మేడం, మా గుండుకి మూడు నెలల క్రితం షుగర్ అని తెలిసింది, కార్బ్ తక్కువున్న తడి తిండికి మార్చాం, బరువు మెల్లగా తగ్గాడు, డోసు రెండు నుంచి ఒకటి, ఒకటి నుంచి అరకి వచ్చింది. ఇవాళ పొద్దున సూదికి ముందు చూస్తే 92. చెయ్యి వణికింది, వెయ్యలేదు, ఫోన్ చేస్తే డాక్టర్ ఎత్తలేదు. రాత్రి 104. ఇప్పుడూ వెయ్యలేదు. వెయ్యకపోతే జబ్బు తిరగబెడుతుందా?

జ: 92కి సూది వెయ్యకపోవడం నూటికి నూరు పాళ్ళు సరైన పని. చాలామంది డాక్టర్లు మొదట్లోనే 150 అనో 200 అనో ఒక గీత పెడతారు, సూదికి ముందు అంకె దానికన్నా కింద ఉంటే వెయ్యకుండా ఫోన్ చెయ్యమని. మీ డాక్టర్ పెట్టకపోతే ఈసారి అడిగి పెట్టించుకోండి.

ఇంకా మంచి కబురు కూడా ఉండొచ్చు. ఇన్సులిన్ లేకుండా రాత్రికి కూడా 104 ఉందంటే గుండు రెమిషన్ వైపు వెళ్తున్నాడేమో, అంటే వాడి ఒళ్ళే మళ్ళీ కావాల్సినంత ఇన్సులిన్ తయారు చేసుకుంటోందేమో. పిల్లుల్లో ఎక్కువగా వచ్చే షుగర్ మనుషుల టైప్ 2 లాంటిది, తొందరగా పట్టుకుని, తిండి మార్చి, ఇన్సులిన్‌తో షుగర్‌ని అదుపులో పెడితే అలిసిపోయిన క్లోమం తేరుకునే అవకాశం ఉంటుంది, కుక్కల్లో ఇది దాదాపు కనపడదు. రెండు అంకెలు చూసి పండగ చేసుకోకండి కానీ, రేపు ఎలాగైనా డాక్టర్‌ని పట్టుకోండి, ఇవాళ్టి రెండు అంకెలూ చెప్పండి, ఆపాలా ఇంకా తగ్గించాలా అనేది వాళ్ళే తేల్చాలి. ఆపమన్నా సరే కొన్నాళ్ళు రోజూ, తర్వాత వారానికోసారి చెవి పొడుస్తూనే ఉండాలి, తిండి పాతదానికి మార్చకూడదు, స్టెరాయిడ్ సూదులు ఎవరన్నా వేస్తామంటే వాడికి షుగర్ ఉండేదని ముందే చెప్పాలి, అవి మళ్ళీ తెప్పిస్తాయి. నీళ్ళ గిన్నె ఎంత ఖాళీ అవుతోందో కూడా గమనించుకోండి, మీటర్ కన్నా ముందు అదే చెప్తుంది ఒక్కోసారి. వయల్ మాత్రం ఇప్పుడే పారెయ్యకండి, డాక్టర్ అక్కర్లేదనేదాకా ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి.